రేడియేటర్‌కు నీళ్ళు

నా పుస్తకాన్ని మా ఇంట్లో మొదట చదివింది మా కోడలు సాయిసుధ. చదవడం అయిపోగానే పోయి చేతులు కడుక్కుంది.

చపాతీ పిండి కలపడానికే కడుక్కుందేమో, నాకు తెలీదు. కానీ ఆ కాగితాలను టేబుల్ మీద పెట్టిన తీరు చూశాను. ఎవరో విడిచిన గుడ్డను పక్కకు పడేసినట్టు రెండు వేళ్ళతో పట్టుకుని పెట్టింది. "ఎట్లుందమ్మా?" అని అడిగాను. "బాగుందత్తా" అని వంటింట్లోకి పోయి మా వాడికి ఫోన్ చేసింది. గొంతైతే తగ్గించింది గానీ మా వంటింటి గోడలకు అంత మర్యాద లేదు. "మీ అమ్మ బాత్రూం గురించి రాసింది. అదీ ఆ డ్రైవరింట్లో" అన్న మాట నాకు చక్కగా వినబడింది.

నేను బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. హిందూపురంలో బయల్దేరి, పెనుకొండ మీదుగా ధర్మవరం పోయే ఆర్డినరీ బస్సు. పాతికేళ్ళు ఆ రోడ్డు మీదే తిరిగాను. రిటైరైన మొదటి నెల కసి తీరా నిద్రపోయాను. రెండో నెల పిచ్చెక్కింది. టీవీ పెడితే ఒళ్ళు మండేది, పక్కింటివాళ్ళు వచ్చి కూర్చుంటే ఎప్పుడు పోతారా అనిపించేది. పోయిన ఎండాకాలం మొదలవుతుండగా ఒక తెల్లకాగితాల కట్ట తెప్పించుకుని రాయడం మొదలుపెట్టాను. బస్సు గురించి తప్ప నాకేం తెలుసు? బస్సు గురించే రాశాను.

రాస్తున్నన్ని రోజులూ ఇంట్లో అందరూ ముచ్చటపడ్డారు. మా ఆయన జగదీష్ ధర్మవరం మగ్గాల దగ్గర పట్టుచీరలు తీసుకుని బెంగుళూరు అంగళ్ళకు వేస్తాడు. పోయిన ప్రతి అంగడిలో "మా ఇంటామె పుస్తకం రాస్తాండాది" అని చెప్పుకున్నాడు. మా వాడు శ్రీకాంత్ నాకొక మంచి పెన్ను కొనిచ్చాడు. సాయిసుధ నేను కాగితాల మీద వంగి ఉన్నప్పుడు ఫోటో తీసి స్టేటస్ పెట్టింది. ఎవరూ చదవనంత వరకు నేను రచయిత్రి కావడం అందరికీ ఇష్టంగానే ఉంది.

ఆ సాయంత్రం శ్రీకాంత్ ఫ్యాక్టరీ నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా నా ఎదురుగా కూర్చున్నాడు.

"అమ్మా, నువ్వు రాసిందంతా బాగుండాది. చిల్లర కోసం కొట్లాడే మడకశిర ముసలాయన కథ సదివి నవ్వినా. కోడిపుంజుకు టిక్కెట్టు కొట్టింది కూడా బాగుండాది. ఆ ఒక్కటి తీసేయ్."

"ఏది?"

"ఏదో నీకు తెల్దా?"

"తెలుసు. నీ నోటితో చెప్పు."

చెప్పలేకపోయాడు. నేను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని కడిగి పెంచినవాడు ఆ మాట పలకలేక కిటికీ వైపు చూశాడు. "ఆ రేడియేటర్‌ది" అన్నాడు చివరికి.

"దాంట్లో ఏం తప్పుండాది?"

"తప్పని కాదమ్మా. నాయన గురించి పుస్తకంలో నాలుగు లైన్లు లేవు. ఆ డ్రైవరు గోపాల్ గురించి అన్ని పేజీలా? సదివినోళ్ళు ఏమనుకుంటారు?"

"గోపాలన్న అని రాసినా. ప్రతి చోటా అన్న అనే రాసినా."

"అన్న అని రాస్తే ఐపోతాదా?"

నా ఒంటి మీద ఏదో పాకినట్టయింది. ఎవడో తాగుబోతు బస్సులో ఆ మాటంటే దింపేసి రైట్ చెప్పి ఉండేదాన్ని. ఇది నా కొడుకు నోరు. వాణ్ని చూస్తే ఆ క్షణంలో నాకు అసహ్యం వేసింది. ఆ మాట చెప్పుకోవడానికి నాకిప్పుడు మొహమాటం లేదు.

మా ఆయన సోఫాలో కూర్చుని ఫోన్లో చీరల ఫోటోలు పంపుకుంటున్నాడు. "నువ్వేమంటావప్పా?" అని అడిగాను.

"నాదేముందిలే. రాసేది నువ్వు" అన్నాడు తల ఎత్తకుండానే.

ఆ మాట అప్పుడు నాకెంతో పెద్దమనసుగా వినబడింది. పిచ్చిదాన్ని.

ఇంతకీ ఆ కథలో ఏముందని? ఒక ఆడమనిషి ఒంటికి పోవడం ఉంది, అంతే.

తెల్లారకముందు ఇల్లు వదిలితే నా బతుకంతా బస్సులోనే. రోడ్డు పొడుగునా మగవాళ్ళకు ప్రతి తుమ్మచెట్టూ ఉంది. బస్సు ఆపించి దిగుతారు, చెట్టు వైపు తిరుగుతారు, ప్యాంటు సర్దుకుంటూ వచ్చి ఎక్కుతారు. నేను బ్యాగు ఒళ్ళో పెట్టుకుని ఇంకోవైపు చూస్తూ కూర్చునేదాన్ని. బస్టాండుకు చేరితే టిక్కెట్ల కోసం జనం మీద పడతారు, కాగితాలు రాసుకోవాలి, అంతలోనే బస్సు కదలాలి. అందుకని నీళ్ళు తాగడం మానేశాను. నడి ఎండలో, నిలబడడానికి చోటు లేని బస్సులో, గుక్కెడు నీళ్ళు తాగకుండా టిక్కెట్లు కొట్టాను. ఒంటికి పోయేటప్పుడు మంట పుట్టేది. చలిజ్వరాలొచ్చేవి. వేడి చేసిందని ఇంట్లో మజ్జిగ కలిపిచ్చేవాళ్ళు.

గోపాలన్నకు నేనేమీ చెప్పలేదు. డ్రైవరుకు పైన అద్దంలో బస్సంతా కనబడుతుంది. ఒకరోజు సోమందేపల్లి దాటాక ఆ అద్దంలో నా ముఖం చూసినట్టున్నాడు. పెనుకొండలో రోడ్డు మీదే వాళ్ళ ఇల్లు. దాని ముందర బస్సాపాడు.

"రేడియేటర్ వేడెక్కిండాది. నీళ్ళు పోయాల. ఉండండప్పా" అని వెనక్కి ఒక కేక పెట్టి, నా వైపు తిరక్కుండానే, "యమునమ్మా, లోపల మా ఆడమనిషి ఉండాది. బకెట్టు అడిగి తీసుకురా పో" అన్నాడు.

లోపల కదిరమ్మ నా ముఖం ఒకసారి చూసింది. బకెట్టు ఇవ్వలేదు. పెరటివైపు తలుపు చూపించింది. ఆ తలుపుకు గడియ సరిగా పడదని, వెనకాలే వచ్చి బయట తను నిలబడింది.

ఆ తర్వాత మా డ్యూటీ కలిసిన ప్రతి రోజూ ఆ బస్సుకు రేడియేటర్ వేడెక్కింది. వానాకాలంలో కూడా వేడెక్కింది. కొత్త బస్సు ఇచ్చినా వేడెక్కింది. "దీనికి ఇంత దాహమేందబ్బా?" అని ప్యాసింజర్లు తిట్టుకునేవాళ్ళు. నేను లోపలికి పోయి వచ్చేసరికి గోపాలన్న బకెట్టు పట్టుకుని ముందర నిలబడి, ఎవరికీ కనబడకుండా ఆ నీళ్ళు చక్రం మీద కుమ్మరించేవాడు. కుళాయి వారానికోసారి వచ్చే రోజుల్లో, ట్యాంకరు దగ్గర కొట్లాడి తెచ్చుకున్న నీళ్ళతో కదిరమ్మ ఆ బకెట్టు నింపి పెట్టేది. అన్నేళ్ళలో ఆ సంగతి నేను, గోపాలన్న ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. మాట్లాడితే నాకు సిగ్గవుతుందని ఆయన మాట్లాడలేదు. కనీసం థాంక్స్ అయినా నేను చెప్పలేదు.

రిటైరైన కొన్నాళ్ళకే గుండెపోటుతో ఆయన పోయాడు. ఆ బకెట్టు సంగతి తెలిసినవాళ్ళం ఇంక ఇద్దరమే మిగిలాం. అది రాయకపోతే నేను మిగిలినదెంత రాసినా దండగే అనిపించింది.

అయినా శ్రీకాంత్ మాటతో నాకొక అనుమానం పట్టుకుంది. నాకేం కాకపోయినా, ఆమెకు ఇబ్బందేమో? అడిగి రావాలని పెనుకొండ బస్సెక్కాను. ఆడవాళ్ళకు ఇప్పుడు బస్సు ఉచితం కదా, కండక్టరమ్మాయి సున్నా టిక్కెట్టు కొట్టిచ్చింది. చాలా చిన్నపిల్ల. ఆమె సీటు పక్కన నీళ్ళ సీసా ఉంది, మెడదాకా నిండుగా. దిగేదాకా చూస్తూనే ఉన్నాను, ఆ పిల్ల మూత తీయలేదు.

కదిరమ్మ వరండాలో కూర్చుని చింతకాయలు కొట్టి గింజలు తీస్తోంది. గోపాలన్నను అన్న అన్నాను కాబట్టి ఆమె నాకు వదిన.

"వదినా, అన్న గురించి రాసినా. ఆయప్ప పేరు పెట్టినా, నీ పేరు పెట్టినా, ఈ ఇల్లు కూడా రాసినా. నీకిష్టం లేకుంటే చెప్పు, తీసేస్తా."

"ఏమని రాసినావో సదువు."

చదివాను. ఆమె చెయ్యి ఆపకుండా విన్నది. అంతా అయ్యాక, "మా ఆయప్ప అంత మంచోడా?" అని నవ్వింది. "కూరలో ఉప్పు తక్కువైతే కూడు తినే తట్ట ఇసిరేటోడు. అది రాయలేదే?"

"నాకు తెల్దు కదా వదినా."

"రాయొద్దులే." ఒక పిడికెడు చింతపండు చేటలో వేసింది. "నీ మొగుడు కండక్టరమ్మను దినామూ ఇంటికే తెచ్చుకుంటాండాడే అని ఈ వీధిలో ఎంతమంది అన్నారో నీకు తెల్సునా?"

నాకు తెలీదు. ఎవరూ చెప్పలేదు. ఆమె కూడా ఇన్నేళ్ళు చెప్పలేదు.

"మరి నువ్వేం చెప్పినావు?"

"రేడియేటర్‌కు నీళ్ళు అని చెప్పినా. ఇంగేం చెప్పాల? నిజం చెప్తే నీ మానం తీసినట్టు అయితాదనుకుంటి. నోరు నొక్కుకుని నొక్కుకుని నాకు సాలైపోయింది. ఇప్పుడు నువ్వే రాస్తాండావు గదా, రాయి." చేట కొంచెం పక్కకు జరిపి, "బకెట్టు రాసినావు, సరే. నేను నింపిందని తెలుస్తాదా?" అంది.

"నీ పేరుతోనే ఉండాది వదినా."

"అట్లయితే సరే" అని మళ్ళీ చింతకాయ కొట్టింది.

పుస్తకం వేసే సంగతి మా ఆయనే చూశాడు. ధర్మవరంలో రామచంద్ర గారని ఒకాయన ఉన్నాడు. పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యి, ఇప్పుడు సాహితీ సమితికి అధ్యక్షుడు. ఆయన ఇంట్లో గోడలన్నీ ఆయనకు శాలువా కప్పుతున్న ఫోటోలే. కప్పేవాళ్ళు మారుతుంటారు గానీ ఆయన నవ్వు మారదు. మేము పోయేసరికి నా కాగితాలు ముందర పెట్టుకుని ఉన్నాడు.

"మీ శైలి చాలా సహజంగా ఉందమ్మా. నలుగురి చేత ముందుమాటలు రాయిస్తున్నాను. అయితే ఒక చిన్న మార్పు. సాహిత్యమంటే గుడి లాంటిది. ఆ మలమూత్రాల ప్రసక్తి మనకెందుకు చెప్పండి?"

"గుడికి పోయే ఆడోళ్ళు కూడా ఒంటికి పోయే వస్తారు సార్."

మా ఆయన దగ్గాడు. రామచంద్ర గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఏదో గొప్ప ఆలోచన తట్టినట్టు ముందుకు వంగి గొంతు తగ్గించాడు.

"పోనీ, ఇట్లా చేద్దాం. ఆ డ్రైవరుకు మీ మీద చెప్పుకోలేని ఒక ఆరాధన ఉన్నట్టు... లైట్‌గా, ఎక్కడా హద్దు దాటకుండా... ఆయన బస్సు అందుకే ఆపుతాడు. పాఠకుడి గుండె పట్టుకుంటుంది."

ఆయనిచ్చిన బిస్కెట్టు నోట్లో ఉంది. మింగుడుపడలేదు. ఒంటికి పోవడం బూతు, దాని బదులు పరాయి మగాడితో ముడిపెడితే సాహిత్యం. పక్కన నా మొగుడు కూర్చుని ఉండగా నాతోనే ఈ మాటంటున్నాడు. మా ఆయన ఏమైనా అంటాడేమో అని చూశాను. ఆయన గోడ మీద శాలువా ఫోటోలు చూస్తున్నాడు.

"ఉన్నదున్నట్టు వేస్తే వేయండి సార్. లేదంటే నా కాగితాలు నాకిచ్చేయండి."

"అయ్యో, మీ పుస్తకం, మీ ఇష్టం" అని మళ్ళీ ఫోటోల్లోని నవ్వు నవ్వాడు.

ప్రూఫులు నాకే పంపారు. అక్షరం పొల్లుపోకుండా అంతా ఉంది. గోపాలన్న ఉన్నాడు, కదిరమ్మ వదిన ఉంది, గడియ పడని తలుపు ఉంది. చదివి, చివర సంతకం పెట్టి, ధర్మవరం పోతున్న మా ఆయన చేతికే ఇచ్చాను.

మామిడికాయలు పండ్లయ్యే రోజుల్లో పుస్తకాల కట్ట ఇంటికొచ్చింది. అట్ట మీద నా ఫోటో పట్టుచీరలో ఉంది. ఖాకీ షర్టు వేసుకున్న ఫోటో ఇస్తే అది బాగాలేదని మా ఆయనే మార్పించాడట. సరే పొమ్మన్నాను. కొత్త పుస్తకం వాసన చూశాను, ఈ వయసులో అదొక సంబరం. ఆ తర్వాత ఆ కథ తీశాను.

పేజీన్నర ఉంది. బస్సు ఆగింది. డ్రైవరు దిగి ఒక ఇంటి నుంచి బకెట్టు నీళ్ళు తెచ్చి రేడియేటర్‌లో పోశాడు. ప్రయాణికులు సహనంతో వేచి ఉన్నారు. బస్సు మళ్ళీ కదిలింది. 'సహనంతో వేచి ఉన్నారు' అనేది నేను రాసిన మాట కాదు. గోపాలన్న లేడు. కదిరమ్మ లేదు. నేను కూడా లేను. పాతికేళ్ళు ప్యాసింజర్లకు చెప్పిన అబద్ధం అచ్చులో నిజమై కూర్చుంది.

డ్యూటీలో మాకొక పద్ధతి ఉండేది. కాగితం మీద తప్పు పడితే చెరపకూడదు, దిద్దకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం పెట్టాలి. అలవాటు కొద్దీ పెన్ను తీసుకుని కూర్చున్నాను. ఎక్కడ గీత కొట్టాలో తెలియలేదు. పక్కన రాయడానికి అక్కడ మనుషులే లేరు.

శ్రీకాంత్‌ను పిలిచి అడిగాను. "నేను కాదమ్మా. నీ మీద ఒట్టు" అన్నాడు. వాడి ముఖం చూస్తే నిజమే అనిపించింది.

మా ఆయన పీట మీద కూర్చుని మామిడిపండు తింటున్నాడు. "నేనే తీయించినా" అన్నాడు, టెంక చీకుతూ.

"ఎందుకు?"

"ధర్మవరంలో నాకు అంగళ్ళుండాయి. మనుషులుండారు. నీ పెండ్లాం ఒంటికి పోవల్లంటే డ్రైవరింటికి పోతాండెనంట గదప్పా అని రేపు ఎవుడన్నా అడిగితే నేనేం చెప్పాల?"

"అవునని చెప్పు."

ఆయన టెంకను తట్టలో పెట్టి చేతులు చూసుకున్నాడు.

"నువ్వెప్పుడన్నా నన్ను అడిగినావా?" అన్నాను.

"ఏమని?"

"తెల్లారకముందు పోతాంటి. పొద్దు గూకినాక వస్తాంటి. ఆడదానివి, దినమంతా యాడికి పోతాండావే అని."

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

"అది నాకు తోచలేదే" అన్నాడు.

కోపంగా అనలేదు, తప్పించుకోవడానికీ అనలేదు. ఉన్నమాటే చెప్పాడు. అందుకే ఆ మాట నాకు ఇంకా రోతగా తగిలింది. ఎవరో పరాయి మనిషికి అద్దంలో ఒక్కసారి చూస్తే తోచింది. పక్కన పడుకునేవాడికి పాతికేళ్ళలో తోచలేదు. నేను తట్ట తీసి, కడిగి, బోర్లించి పెట్టాను. అదే చివర. ఆ తర్వాత ఆయన తట్ట ఆయనే కడుక్కుంటున్నాడు.

ఆవిష్కరణకు పోకూడదనే అనుకున్నాను. కానీ ప్రూఫులు పంపిన రోజే కదిరమ్మకు ఫోన్ చేసి రమ్మని పిలిచి ఉన్నాను. ఇప్పుడు రావద్దని చెప్పాలంటే కారణం చెప్పాలి. నీ మొగుడి పేరు తీసేశారు, నీ పేరు తీసేశారు, బకెట్టు మాత్రం ఉంచారు అని ఫోన్లో ఎలా చెప్పను? రెండుసార్లు నంబరు నొక్కి పెట్టేశాను. ఆ రోజు వచ్చేసింది.

ధర్మవరంలో చీరల వ్యాపారుల కళ్యాణ మండపం. మా ఆయన మాట మీద వాళ్ళే ఇచ్చారు. ఫ్లెక్సీ మీద నా ముఖం కంటే ముఖ్య అతిథి ముఖం పెద్దది, ఆయన ముఖం కంటే రామచంద్ర గారిది పెద్దది. బయటికి పోయే రోజు నీళ్ళు తాగని అలవాటు నాకింకా పోలేదు గానీ, ఆ పొద్దున సాయిసుధ బలవంతం మీద రెండు గ్లాసుల మజ్జిగ తాగి కారెక్కాను. మండపం చేరేసరికి ఆగలేని స్థితి.

ఆడవాళ్ళ బాత్రూంకు తాళం వేసి ఉంది. తాళంచెవి ఎక్కడ అని కాపలాదారును అడిగాను.

"అది తీయలేం మేడం. దాన్నిండా మీ పుస్తకాల కట్టలు పెట్టిండారు. సమోసాల పెట్టెలు కూడా ఆడే ఉండాయి."

"ఆడ ఎందుకు పెట్టినారు?"

"ఇంగ యాడా జాగా లేదు మేడం. ఆడోళ్ళది గదా, ఎవరూ పోరులే అని రామచంద్ర సారే చెప్పినారు."

నేను ఇంకో మాట అనేలోపల రామచంద్ర గారే వచ్చి "రండమ్మా, అతిథి గారు వచ్చేశారు" అని నన్ను వేదిక మీదికి తోలుకుపోయాడు. కాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చున్నాను. అంత ఎండలో నా మీద శాలువా కప్పారు. దాని మీద ఇంకొకటి కప్పారు. వెనక వరసలో, ఫ్యాను కింద కదిరమ్మ కనబడింది. మంచి చీర కట్టుకుని వచ్చింది. నన్ను చూసి చెయ్యి కొంచెం లేపింది.

ముఖ్య అతిథి పుస్తకం చదవలేదని మొదటి వాక్యంలోనే తెలిసిపోయింది. మధ్యలో ఎవరో చీటీ అందించారు. అది చూసి ఉత్సాహం తెచ్చుకున్నాడు. "ఈ పుస్తకంలో రేడియేటర్‌కు నీళ్ళు అని ఒక అద్భుతమైన ఘట్టం ఉంది. ఒక్క బకెట్టు నీళ్ళతో రచయిత్రి గారు మన కరువు సీమలో నీటి విలువను ఎంత గొప్పగా చెప్పారండీ! ప్రతి నీటిబొట్టూ పొదుపు చేయాలని..."

చప్పట్లు కొట్టారు. బకెట్టు మాట వినగానే కదిరమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఇప్పుడొస్తుంది పేరు అన్నట్టు అతని నోటి వైపు చూస్తోంది. అతను నీటి పొదుపు నుంచి చెట్ల పెంపకంలోకి పోయాడు. ఆమె చేతిలో పుస్తకం ఉంది. పక్కనున్న అమ్మాయికి ఇచ్చి, ఎక్కడుందో చూపించమని అడుగుతోంది. ఆ అమ్మాయి పేజీలు తిప్పింది. మళ్ళీ తిప్పింది. తల అడ్డంగా ఊపింది.

కదిరమ్మ పుస్తకం వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. నా వైపు చూడలేదు.

ఇంత రోత నా జన్మలో ఎప్పుడూ పుట్టలేదు. ఆ వేదిక మీద, ఆ పూల మీద, ఆ శాలువాల మీద, మొదటి వరసలో వ్యాపారుల మధ్య కాలు మీద కాలు వేసుకుని కూర్చున్న నా మొగుడి మీద.

"ఇప్పుడు రచయిత్రి యమున గారు తమ స్పందన తెలియజేస్తారు" అన్నారు. లేచి మైకు దగ్గరికి పోయాను.

"ముందు ఆడోళ్ళ బాత్రూం తాళం తీయండి" అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. కాపలాదారు రామచంద్ర గారి వైపు చూశాడు, ఆయన ముఖ్య అతిథి వైపు చూశాడు. శాలువాలు రెండూ కుర్చీ మీద వేసి, నేను మెట్లు దిగి, కుర్చీల మధ్య నుంచి వెనక్కి నడిచాను. మా ఆయన వరస దాటేటప్పుడు "యమునా, ఏందే ఇది?" అన్నాడు లోగొంతుతో. ఆగలేదు. కాపలాదారు పరిగెత్తుకుంటూ వచ్చి తాళం తీశాడు. కట్టలు జరిపి, సమోసా పెట్టెలు బయటికి లాగి, నాకు చోటు చేసుకున్నాను. తలుపు వేస్తే గడియ పడలేదు. రంధ్రం దగ్గర కట్టె పోయి ఉంది.

బయట అడుగుల చప్పుడయింది.

"నువ్వు పో" అంది కదిరమ్మ. "నేనుండా."

నా పుస్తకాల కట్టల మధ్య కూర్చున్నాను. బయట మైకులో రామచంద్ర గారి గొంతు మోగింది. "సభికులు మన్నించాలి. ఇంతటి ఆదరణ చూసి రచయిత్రి గారు భావోద్వేగానికి లోనయ్యారు. కన్నీళ్ళు ఆపుకోలేక ఒక్క క్షణం పక్కకు..."

"ఏడ్చే దానికి కాదప్పా!"

తలుపు అవతల నుంచి కదిరమ్మ అరిచింది. మైకు లేకుండానే మండపమంతా వినబడేలా అరిచింది.

"ఒంటికి పోయింది. వస్తాది, ఉండండి."

మైకు ఆగిపోయింది. ఎవరూ నవ్వలేదు. నేను నిదానంగా లేచి, నీళ్ళు పోసి, చేతులు కడుక్కుని బయటికొచ్చాను. ఆమె తలుపు పట్టుకుని అలాగే నిలబడి ఉంది. ఇద్దరం కలిసి నడిచి వేదిక ఎక్కాం. రామచంద్ర గారు పక్కకు జరిగాడు. మైకు నా ఎత్తుకు దించుకున్నాను.

"ఆ బస్సు డ్రైవరు పేరు గోపాల్" అని మొదలుపెట్టాను.